ఇంటి ముందు పసుపు పూల చెట్టు: రేల వేయాలా, ఇంకేదైనా వేయాలా?

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎవరో హైవే మీద పోతూ కారు ఆపి ఫొటో తీసి పంపుతారు. "ఆకు ఒక్కటి లేదు, నిలువెల్లా పసుపు గుత్తులే వేలాడుతున్నాయి. ఏం చెట్టిది? మా ఇంటి ముందు వేసుకోవచ్చా?" అని అడుగుతారు. చాలాసార్లు అది రేల. కొన్నిసార్లు కాదు. ఆ తేడా తెలియకుండా మొక్క కొంటే ఏమవుతుందో నాకు అనుభవమే.

పన్నెండేళ్ల కిందట ఒక నర్సరీలో "గోల్డెన్ షవర్ కావాలి" అని, అంటే ఇంగ్లిష్ పేరుతో రేలనే, అడిగితే ఒక కవరు మొక్క చేతిలో పెట్టారు. తెచ్చి గేటు పక్కన నాటాను. నీళ్లు పోశాను, మేకలు రాకుండా ముళ్లకంప కట్టాను. మూడో ఏటికే నా తల దాటి పోయింది. నాలుగో ఏట పూసింది. పసుపు పూలే, కానీ గుత్తులు కిందికి వేలాడలేదు. కొమ్మ చివర నిటారుగా లేచి నిలబడ్డాయి. అదీ ఎండాకాలంలో కాదు, వానలు వెనకబట్టాక. అప్పుడు తెలిసింది అది సీమ తంగేడని. చెట్టుగా చూస్తే తప్పేమీ లేదు, త్వరగా ఎదుగుతుంది, నీడ ఇస్తుంది. కానీ నేను కావాలనుకున్నది అది కాదు. నాలుగేళ్లు పోయాక ఇంకో చెట్టు కోసం దాన్ని కొట్టేయడానికి చేయి రాలేదు. అందుకే పోలిక చెప్పే ముందు గుర్తుపట్టడం చెబుతాను.

పువ్వు చూడకుండా మొక్కను గుర్తుపట్టడం

నర్సరీలో మొక్కకు పువ్వు ఉండదు, ఆకే ఆధారం. రేల మొక్కలో ఒక్కో ఈనెకు నాలుగు నుంచి ఎనిమిది జతల ఆకులు ఉంటాయి, ఒక్కో ఆకు మన అరచేయి పొడవు ఉంటుంది. వేలితో రాస్తే నున్నగా తగులుతుంది. లేత చిగురు రాగి రంగు తిరిగి, పైన సన్నని నూగుతో ఉంటుంది. సీమ తంగేడుకైతే అదే తీరులో ఎక్కువ జతలు, చిన్న చిన్న ఆకులు, కొసన గుండ్రంగా ఉంటాయి. పసుపు పూలే పూసే పచ్చ తురాయికి ఆకు ఎర్ర తురాయి ఆకులాగే ఈనెకు ఈనె చీలి సన్నగా ఉంటుంది, దాని చిగురు ఇనుము తుప్పు పట్టిన రంగులో మఖమల్‌లా ఉంటుంది. బాకాల్లాంటి పసుపు పూల టబెబుయాకు చేతి వేళ్లు చాచినట్టు ఐదో ఏడో ఆకులు ఒకే చోటి నుంచి బయలుదేరుతాయి, వెండిపూత పూసినట్టు బూడిద రంగులో మెరుస్తాయి. ఈ నాలుగూ గుర్తుంటే "గోల్డెన్" అని ఏ పేరు చెప్పి ఇచ్చినా మోసపోరు.

ఇంకొకటుంది, దాని గురించి హెచ్చరించాలి. రేలలాగే పసుపు పూలు, మరింత వేగంగా ఎదిగే సెన్నా స్పెక్టాబిలిస్ అనే అమెరికా ఖండపు చెట్టు. కేరళలో వయనాడు అడవుల్లో, నీలగిరుల వైపు ఇది అల్లుకుపోయి కింద గడ్డి కూడా మొలవనీయకుండా చేస్తోంది. కొట్టేస్తే మొదలు నుంచి మళ్లీ గుంపుగా లేస్తుంది. అక్కడి అటవీశాఖ దాన్ని వదిలించుకోవడానికి నానా తంటాలు పడుతోంది. ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

రేల: నీళ్లు ఆపగలిగినవాళ్ల చెట్టు

నా మాట ముందే చెబుతాను. 200 గజాలు దాటిన స్థలం ఉండి, ఒక మూలన పదడుగులు వదలగలిగితే, తెలుగు నేలలో పసుపు పూలకు రేలను మించింది లేదు. కానీ ఒక షరతు ఉంది. మాఘమాసం నుంచి చైత్రం దాకా దానికి నీళ్లు పోయకుండా ఉండగలగాలి.

ఇది వినడానికి తేలిక, చేయడం కష్టం. మా వీధిలో ఎదురెదురుగా రెండు రేల చెట్లున్నాయి, రెండిటిదీ ఇంచుమించు ఒకే వయసు. ఒకటి గేటు లోపల, పచ్చగడ్డి లాన్ మధ్యలో. లాన్‌కు రోజూ పొద్దున నీళ్లు కడతారు. రెండోది ప్రహరీ బయట, మొరం నేలలో, దాని మొహం చూసినవాళ్లే లేరు. ఏప్రిల్ నెలాఖరుకు బయటి చెట్టు ఆకంతా రాల్చేసి నిలువునా బంగారమవుతుంది. లోపలిది ముదురాకు సగం కూడా రాల్చదు, ఆ ఆకుల చాటున అక్కడొక గుత్తి, ఇక్కడొక గుత్తి. ఇంటావిడ ఎరువు తక్కువైందేమోనని ఇంకో గంప పశువుల ఎరువు వేయించారు. "అమ్మా, దానికి ఆకలి కాదు, అజీర్తి" అని చెప్పాల్సి వచ్చింది. తర్వాతి ఏడు జనవరి నుంచి చెట్టు చుట్టూ ఐదడుగుల మేర గడ్డి తీసేసి నీళ్లు ఆపారు. ఆ ఏడు మేలో నన్ను పిలిచి చూపించారు.

కారణం దాని పుట్టుకలోనే ఉంది. ఇది మన ఎండిపోయే అడవుల చెట్టు. వానాకాలంలో పెరిగి, చలికాలంలో కాయ ముదురబెట్టి, నేల ఎండి ఆకు రాలాక పూస్తుంది. ఎండ చురుకే దానికి సంకేతం. నల్లమలలో గానీ, గోదావరి పక్క ఏజెన్సీ అడవుల్లో గానీ మే నెలలో పోతే కొండవాలు బూడిద రంగులో ఉంటుంది, మధ్యమధ్య పసుపు మంటలు. ఏ మనిషీ నాటలేదు, ఏ మనిషీ నీళ్లు పోయలేదు.

దాన్ని ఒక్కసారి దగ్గరికి వెళ్లి చూడండి. గుత్తి ఒకటి రెండడుగుల దాకా వేలాడుతుంది. పైన విచ్చుకున్న పూలు, మధ్యలో విచ్చుకోబోయే మొగ్గలు, కొసకు వచ్చేసరికి ఆకుపచ్చ గుండీల్లాంటి గుండ్రటి మొగ్గలు. పువ్వుకు ఐదు రేకులు, పది కేసరాలు. ఆ పదిలో మూడు పొడుగ్గా ఏనుగు తొండంలా కిందికి వంగి పైకి లేస్తాయి. మిగతావి పొట్టివి. పొద్దున ఏడింటికి నిలబడితే నల్లటి పెద్ద తుమ్మెద వస్తుంది. పువ్వులో తేనె ఉండదు, ఉన్నది పుప్పొడే. అది పొట్టి కేసరాలను కాళ్లతో పట్టుకుని ఒళ్లంతా అదరగొడుతుంది. అప్పటిదాకా ఒక శ్రుతిలో ఉన్న ఝుంకారం ఉన్నట్టుండి పై స్థాయికి లేస్తుంది. ఆ అదురుకు కేసరానికున్న సన్నని రంధ్రంలోంచి పొడి చిమ్ముతుంది. తుమ్మెద తన తిండి పొట్టి కేసరాల నుంచి తీసుకుంటుంటే, పొడుగు కేసరాలు దాని వీపు మీద పొడి చల్లుతాయి. ఆ పొడే ఇంకో పువ్వుకు చేరుతుంది. మా అమ్మాయి ఆ శబ్దం మారడం విని "తుమ్మెద గేరు మార్చింది నాన్నా" అంది. ఆరోజు నుంచి మే నెలలో మా ఇంట్లో పొద్దున్నే లేవడానికి ఎవరూ మారాం చేయరు.

ఇక ఇబ్బందులు. మొదటిది నీడ. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లోనే ఇది ఆకు రాలుస్తుంది. పడమటి ఎండ ఆపడానికి చెట్టు వేయాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, ఆ దిక్కున వేపో కానుగో వేసుకుని రేలను ఇంకో మూలకు జరపండి. రెండోది కాయ. రెండడుగుల దాకా పొడవుండే నల్లటి కర్రలాంటి కాయలు ఏడాది పొడవునా వేలాడి, పండి రాలతాయి. విరిస్తే లోపల రూపాయి బిళ్లలు పేర్చినట్టు అరలు అరలుగా ఉంటుంది. అర అరకీ ఒక గింజ, దాని చుట్టూ నల్లటి జిగురు గుజ్జు, తీయగా, ఒకరకం ముక్కవాసనతో ఉంటుంది. ఈ గొట్టంలాంటి కాయను బట్టే 1753లో లిన్నేయస్ దీనికి కాసియా ఫిస్టులా అని పేరు పెట్టాడు, లాటిన్‌లో ఫిస్టులా అంటే గొట్టం. కారు దీని కింద పెడితే బానెట్ మీద కాయ పడుతుంది, గుజ్జు మరక అంటుకుంటుంది. మూడోది, ఆ గుజ్జు విరేచనకారి. ఆయుర్వేదంలో ఆరగ్వధం పేరుతో మెత్తని విరేచనానికి వాడేది దీన్నే. వైద్యుడు మోతాదు చూసి ఇస్తే మందు, పిల్లలు తీపని నాకితే రాత్రంతా అవస్థ. పిల్లలకు ఒకసారి కాయ విరిచి చూపించి, ఎందుకు తినకూడదో చెబితే సరిపోతుంది.

నాలుగోదాన్ని కొందరు ఇబ్బంది అంటారు, నేననను. వానలు పడగానే లేత ఆకుల మీద ఆకుపచ్చ గొంగళి పురుగులు వాలతాయి, చిగురంతా కొరుకుతాయి. మందు కొట్టమని సలహాలు వస్తాయి. కొట్టకండి. అవి నాలుగు వారాల్లో లేత పసుపు సీతాకోకచిలుకలై మీ పెరట్లోనే ఎగురుతాయి. చెట్టు మళ్లీ చిగురేస్తుంది, ఎదిగిన రేలకు ఆ పురుగు వల్ల నష్టమేమీ లేదు.

పూతకు ఓపిక కావాలి. గింజ నుంచి పెంచితే నేను చూసినంతలో ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్లు. అందుకే రిటైరయ్యాక నాటడం కంటే ఇల్లు కట్టేటప్పుడే, గృహప్రవేశానికి ముందే గుంత తీయమంటాను.

పచ్చ తురాయి ఎవరికి?

పెల్టోఫోరం అని నర్సరీలు అమ్మేది ఇదే. కొన్నిచోట్ల కొండచింత అంటారు. ఆగ్నేయాసియా తీరాల నుంచి వచ్చి మన రోడ్ల మీద స్థిరపడ్డ చెట్టు. వేగం కావాలంటే దీనికి సాటి లేదు, రేల మోకాలెత్తు ఉన్నప్పుడే ఇది గోడ దాటుతుంది. ఎండాకాలంలో కూడా పచ్చని గొడుగు ఉంటుంది. పూలు వేలాడవు, కొమ్మ కొసల మీద దీపపు వత్తుల్లా నిలబడతాయి. మంచి వాసన. రాలిన పూలతో రోడ్డు పసుపవుతుంది. తర్వాత రాగి రేకుల్లాంటి కాయలు నెలల తరబడి చెట్టంతా కప్పుతాయి, దూరానికి ఎండిపోయిన చెట్టనిపిస్తుంది.

ఇది బడి ఆవరణకు, గుడి ముందు ఖాళీ జాగాకు, చెరువు గట్టు వెడల్పున్న చోటికి తగిన చెట్టు. ఇంటికి కాదు. 50 అడుగులు దాటి ఎదుగుతుంది, వేర్లు పేవ్‌మెంట్‌ను ఎత్తేస్తాయి. కొమ్మ పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు వేల చెట్లు నేలకొరిగాయి. ఆ మర్నాటి ఫొటోలు చూసినవాళ్లెవరూ పెద్ద గొడుగు, పెళుసు కొమ్మ ఉన్న చెట్టును పడగ్గది కిటికీ పక్కన నాటరు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తాలో ఉన్నవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతాను. రేల కర్ర గట్టిది, నిదానంగా ఎదిగి లోతుగా వేరు దించుతుంది. గాలికి అది ఎక్కువ నమ్మకమైనది.

టబెబుయా

బెంగళూరు వెళ్లివచ్చినవాళ్లు దీన్నే అడుగుతారు. దక్షిణ అమెరికా చెట్టు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, రేల కంటే ముందే, ఆకు రాల్చి కొమ్మ కొమ్మకూ బాకా పూలు కప్పుకుంటుంది. ఆ వారం పది రోజులు దాని ముందు ఏదీ నిలవదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇరవై పాతికడుగులకు మించి పోదు కాబట్టి కరెంటు తీగల కింద, చిన్న ముంగిట్లో సర్దుకుంటుంది. కాయ రొచ్చు లేదు.

కానీ పది రోజులే. రేల ఒక గుత్తి రాలుతుంటే ఇంకో గుత్తి దించుతూ నెలకు పైగా నిలుస్తుంది, కొన్ని చెట్లు జూన్ దాకా లాగుతాయి. టబెబుయాలో, అందులోనూ వెండి ఆకుల రకంలో, కాండం వంకర తిరిగి పక్కకు వాలుతుంది, ఈదురుగాలికి మొదలంటా ఒరిగిపోయిన చెట్లను నేను చూశాను. నాటిన రోజే గట్టి వెదురు ఊత కట్టి, మొదటి మూడేళ్లు వదలకుండా నిలబెట్టాలి. చోటు బాగా తక్కువైతే ఇది రెండో ఎంపిక.

చోటే లేనివాళ్లకు తంగేడు

100, 150 గజాల ఇళ్లవాళ్లు నన్ను రేల అడిగితే వద్దని చెప్పడానికి మనసొప్పదు గానీ చెబుతాను. సంపు, సెప్టిక్ ట్యాంకు, కారు పోను మిగిలే మూడడుగుల పట్టీలో ఏ చెట్టూ సుఖపడదు. అక్కడ తంగేడు వేయండి.

తంగేడును అడవిలో కోసుకొచ్చేదిగానే చూస్తాం, ఇంట్లో వేసుకోవచ్చని తట్టదు. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇది. బతుకమ్మ పేర్చడానికి గునుగుతో పాటు మొదట కావలసింది ఇదే. ఆ తొమ్మిది రోజులు ఊరి చుట్టుపక్కల పొదలన్నీ బోసిపోతున్నాయి, ఏటేటా తంగేడు దొరికే దూరం పెరుగుతోంది. ఇంటి గోడ వెంట నాలుగు మొదళ్లున్నా ఇంటి బతుకమ్మకు చాలు. మనిషెత్తు పొద, నీళ్లు అడగదు, రాతినేలలో కూడా బతుకుతుంది. పశువులు సాధారణంగా ముట్టవు. వాన తర్వాత బాగా పూసినా ఏడాదిలో చాలా భాగం ఏదో ఒక కొమ్మన పూలుంటాయి. గింజ వేసిన చోటే పెరగనివ్వండి, పీకి నాటితే దాని వేరు కోలుకోవడం కష్టం. రేల ఎండాకాలం పూస్తుంది, తంగేడు దసరాకు పూస్తుంది. చోటుంటే రెండూ వేసుకున్న ఇంట్లో పసుపు లేని నెల తక్కువ.

కుండీలో కావాలంటే టెకోమా ఉంది, బాకా పూల పొద. కత్తిరిస్తూ ఉంటే ఆరోగ్యంగా పూస్తుంది. దాని గింజకు రెక్కలుంటాయి, గాలికి పక్క జాగాల్లోకి పోయి మొలుస్తుంది. కాయలు ముదరకముందే కోసేయాలి.

పచ్చగన్నేరు గురించి మెత్తగా చెప్పలేను. శివుడి పూజకు పూలు కావాలని చాలా ఇళ్లలో ఉంటుంది. పూలు అందంగానే ఉంటాయి, ఎండను లెక్కచేయదు. కానీ ఆకు, పాలు, కాయ అన్నీ విషం. గింజలోని విషం నేరుగా గుండె కొట్టుకునే తీరును దెబ్బతీస్తుంది. పాకే పిల్లలు, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఉన్న ఇంట్లో దీన్ని ఉంచవద్దు. పూజకు నందివర్ధనం ఉంది, మందారం ఉంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు: అసలు లాబర్నమ్

మా చెల్లి ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటుంది. వెళ్లిన మొదటి ఏడు మే నెలాఖరున ఫోన్ చేసి, "అన్నా, ఇక్కడ కూడా రేల పూసింది, పక్కింటి గోడ మీదికి వాలింది" అని సంబరపడిపోయింది. ఫొటో చూస్తే నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. అవే వేలాడే పసుపు గుత్తులు. పెద్దది చేసి చూస్తే పువ్వు వేరు. మన రేల పువ్వు ఐదు రేకులతో విప్పారి ఉంటుంది, అది చిక్కుడు పువ్వులా ముడుచుకుని ఉంది. ఆకు మెంతి ఆకులా మూడు రెమ్మలు. అది లాబర్నమ్. దక్షిణ, మధ్య యూరప్ కొండల చెట్టు. మన రేలకు ఇంగ్లిష్‌లో ఇండియన్ లాబర్నమ్ అనే పేరు రావడానికి ఈ పోలికే కారణం. రెండూ చిక్కుడు కుటుంబమే గానీ దగ్గరి చుట్టాలు కావు.

చెల్లి అడిగింది, మన పెరట్లో వేసుకోనా అని. అప్పుడు వాళ్ల బాబుకి రెండేళ్లు. వద్దన్నాను. లాబర్నమ్ చెట్టంతా సైటిసిన్ అనే విషం ఉంటుంది, గింజల్లో మరీ ఎక్కువ. కాయ చూడ్డానికి అచ్చం బఠాణీ కాయలాగే ఉంటుంది, అదే ప్రమాదం. పిల్లలు బఠాణీ అనుకుని వలుచుకుంటారు. ఆశ్చర్యమేమంటే ఆ సైటిసిన్‌నే కొలిచి సిగరెట్టు మానిపించే మందుగా తూర్పు యూరప్‌లో దశాబ్దాలుగా వాడుతున్నారు.

బాబు బడికి వెళ్లి, చెబితే వినే వయసొచ్చాక మళ్లీ మాట్లాడుకున్నాం. అప్పుడు చెప్పింది ఇది. అక్కడ దొరికే వాటిలో సాధారణ లాబర్నమ్ గుత్తి జానెడుంటే గొప్ప, కాయలు మాత్రం బోలెడు. కొండ లాబర్నమ్ కొంచెం ఆలస్యంగా పూస్తుంది, గుత్తి సన్నగా పొడవుగా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి పుట్టించిన సంకరంలో వోసీ అనే రకం ఉంది. దాని గుత్తి రెండడుగుల దాకా దిగుతుంది, కాయలు బాగా తక్కువ. ఇంటికి వేసేదైతే వోసీ ఒక్కటే చూడమన్నాను. కాసిన కొన్ని కాయల్నీ ముదరకముందే కోసి పారేయాలి. కొమ్మలు కత్తిరించేది వేసవి చివర నుంచి చలికాలం నడుమ లోపే, వసంతంలో కోస్తే గాయం నుంచి నీరు కారుతూనే ఉంటుంది. నీళ్లు నిలిచే నేల అయితే మాత్రం ఆశ వదులుకోవాలి, ఈ ఒక్క విషయంలో అది మన రేల లాంటిదే.

నాటేముందు ఒకసారి వేల్స్‌లోని బాడ్నంట్ తోట చూసి రమ్మన్నాను. అక్కడ 1880లో నాటిన లాబర్నమ్ పందిరి ఉంది, 55 మీటర్ల పొడవు. ఇనుప కమానుల మీదికి కొమ్మల్ని వంచి కట్టి పెంచారు. మే చివర, జూన్ మొదట్లో దాని కింద నడిస్తే తల మీద అంతా పసుపు గుత్తులే. చెల్లి అక్కడి నుంచి వీడియో కాల్ చేసింది. మాటల్లేవు, ఫోన్ పైకెత్తి పట్టుకుని నడిచింది, అంతే. తిరిగొచ్చి పెరటి దారికి ఒక చిన్న ఇనుప కమాను పెట్టించి వోసీ మొక్కలు రెండు నాటింది. ఇంటి పెరటికి ఆ పద్ధతి మేలు కూడా, పూలు చేతికందే ఎత్తులో ఉంటాయి కాబట్టి కాయలు కోయడానికి నిచ్చెన అక్కర్లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు చలే నిర్ణయిస్తుంది. ఫ్లోరిడా దక్షిణాన, హవాయిలో మన రేలే పెరుగుతుంది. హోనలూలు వీధుల్లో కనిపించే రెయిన్‌బో షవర్ చెట్టుకు తల్లిదండ్రుల్లో ఒకటి రేలే. డాలస్‌లో రేల నాటి ఏడ్చినవాళ్లున్నారు, మంచు పడిన మొదటి చలికే పోతుంది. కుండీలో పెట్టి చలికాలం లోపలికి తీసుకోవచ్చు, ఆకు బతుకుతుంది, కానీ పువ్వు మీద ఆశ పెట్టుకోవద్దు. సియాటిల్, వాంకూవర్ వైపు ఉంటే లాబర్నమ్ హాయిగా పెరుగుతుంది. వాంకూవర్‌లోని వాన్‌డుసెన్ తోటలో లాబర్నమ్ బాట చూసి నిర్ణయించుకోండి.

అటు నుంచి ఇటు మాత్రం పనిచేయదు. ఆన్‌లైన్‌లో లాబర్నమ్ విత్తనాలని అమ్ముతుంటారు. హైదరాబాద్‌లో, విజయవాడలో అది బతకదు, దానికి చలికాలం నిజంగా చలిగా ఉండాలి. ఇక్కడ పసుపు గుత్తులు వేలాడాలంటే రేలే. కేరళవాళ్లు ఏప్రిల్ నడుమ వచ్చే విషు పండుగ తెల్లవారుజామున కళ్లు తెరిచి మొదట చూసే కణిలో పెట్టేది ఈ పూలే, వాళ్ల కణిక్కొన్న అదే. థాయిలాండ్ జాతీయ పుష్పమూ ఇదే. మనకు ఇన్ని అడవుల్లో ఉండి కూడా ఊళ్లో ఇంటి ముందు తక్కువగా కనిపించడం నాకు నిజంగా బాధ.

ఎప్పుడు, ఎలా నాటాలి

మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి. గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. ఎర్రనేల, మొరం నేల అయితే తవ్విన మట్టిలో ఒక గంప మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి పూడిస్తే చాలు. నల్లరేగడి అయితే జాగ్రత్త, వానకు నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. అక్కడ గుంత కాకుండా అడుగెత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. గోడకు పదడుగులు, సంపుకు ఇంకాస్త ఎక్కువ దూరం వదలండి. రోజంతా ఎండ పడాలి, మేడ నీడలో నాటిన రేల ఆకులతోనే కాలం గడుపుతుంది. మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం వారానికోసారి నీళ్లు పోయాలి. నేను ముందు చెప్పిన షరతు మూడో ఏటి నుంచి, వేరు దిగాక. చుట్టూ గచ్చు చేసి మొదలు బిగించకండి, కనీసం నాలుగడుగుల మట్టి వదలాలి.

కవరు మొక్క కొంటే కాండం మొదట్లో వేరు చుట్ట చుట్టుకుని ఉందేమో కవరు కొంచెం చింపి చూడండి. చుట్ట ఉంటే వదిలేసి ఇంకోటి తీసుకోండి. ఎత్తు చూసి మురిసిపోవద్దు, బొటనవేలంత కాండం ఉన్న పొట్టి మొక్క సన్నగా ఆరడుగులు సాగినదాని కంటే నయం.

గింజ నుంచి పెంచాలనుకుంటే ఈ మేలోనే మీకు నచ్చిన చెట్టు కింద నల్లగా ఎండిన కాయ ఒకటి ఏరుకోండి. సుత్తితో పగలగొట్టి గింజలు తీసి, గుజ్జు పోయేలా కడగండి. గింజ పెంకు రాయిలా ఉంటుంది, అలాగే వేస్తే ఏడాదైనా మొలవకపోవచ్చు. ఒక్కో గింజను అంచున గచ్చు మీద నాలుగుసార్లు రుద్దండి, లోపలి తెలుపు కనపడగానే ఆపేయాలి. వేడినీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఉబ్బినవి నీళ్లు తాగినట్టు. ఉబ్బనివి మళ్లీ రుద్దండి. ఇసుక కలిపిన మట్టిలో అంగుళం లోతున పెడితే రెండు మూడు వారాల్లో మొలక తల ఎత్తుతుంది.